హోప్ టౌన్ గంగమ్మకు ఏ భాష వచ్చు?

అండమాన్ వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ అడుగుతున్నది ఒక్కటే. జైలు చూశావా? చూశాను. చూసి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న బండి దగ్గర కొబ్బరి బోండాం తాగి కూర్చున్నాను. ఆ జైలు గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది హోప్ టౌన్ అనే చిన్న ఊరి గురించి. నా టూరు ప్యాకేజీలో ఆ ఊరి పేరు లేదు. లేకపోవడం నా అదృష్టం.

ముందు నా సంగతి చెప్పాలి. తెనాలి బస్టాండులో మైకు ముందు కూర్చుని రిటైరైనదాన్ని. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని నేనంటే ప్లాట్‌ఫారం మీద కునికిపాట్లు పడేవాళ్ళు కూడా సంచీ సర్దుకునేవాళ్ళు. ఇప్పటికీ కూరగాయల మార్కెట్లో నేను బెండకాయల ధర అడిగితే, పక్కనున్నవాళ్ళు బాపట్ల బస్సు ఎన్నింటికని అడుగుతారు. కాబట్టి నా తెలుగంటే నాకు కాస్త గర్వం. ఆ గర్వం ఈ కథలో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పోర్ట్ బ్లెయిర్

ఊరి పేరు మారింది. బోర్డుల మీద శ్రీ విజయపురం అని ఉంటుంది. ఆటోవాణ్ణి శ్రీ విజయపురంలో మంచి భోజనం ఎక్కడని అడిగితే, "పోర్ట్ బ్లెయిర్‌లోనా మేడమ్?" అన్నాడు. పేరు బోర్డు ఎక్కినంత తొందరగా నోటికి ఎక్కదు.

ఇక్కడ సూర్యుడికి తొందరెక్కువ. నేను ఇంకో కునుకు తీద్దామనుకునేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద కొడుతుంది. సాయంత్రం టీ తాగుదామని చీర మార్చుకుని వచ్చేసరికి చీకటి. టమాటాలు ఓడెక్కి రావాలి కాబట్టి వాటికి ఓడెక్కి వచ్చిన పొగరు ఉంది. చేపలు మాత్రం మా ఊళ్ళో కంటే చవక, మా ఊళ్ళో కంటే తాజా. నేను తినేది ఎటూ చేపలే కనక టమాటాలతో గొడవ పెట్టుకోలేదు.

మా లాడ్జిలో ఇంకో ఒంటరి ఆడమనిషి దిగింది. నా వయసే ఉంటుంది. అంత ఉక్కలో, ఫ్యాను కింద కూర్చుని ఉన్ని అల్లుతోంది. చూస్తుంటేనే నాకు చెమట పట్టింది. పేరు మార్యున్. డెన్మార్క్ రాజు కింద ఉన్న ఫారో దీవుల నుంచి వచ్చిందట. ఎప్పుడూ గాలీ, వానా, చలీ. అందుకని జీవితంలో ఒక్కసారైనా వెచ్చగా ఉండే దీవులు చూడాలని వచ్చింది. ఎండ తగిలి టమాటా రంగుకి తిరిగింది కానీ మనిషి మహా సంతోషంగా ఉంది.

నేను ఫోనులో మా వదినతో మాట్లాడటం విని, ఇంగ్లీషులో మొట్టమొదట అడిగిన మాట ఇది.

"మీరు మాట్లాడిన భాషని మీవాళ్ళు ఏమని పిలుస్తారు?"

"తెలుగు" అన్నాను, మైకు గొంతుతో.

"తెలుగు" అంది తను, కొత్త మిఠాయి చప్పరించినట్టు. తర్వాత తన భాష పేరు చెప్పింది. ఇంగ్లీషువాళ్ళు ఫారోయీజ్ అంటారట. తనవాళ్ళు మాత్రం ఫ్యోరిస్త్ అంటారు. ఆ దీవుల పేరుకి గొర్రెల దీవులని అర్థమట. అంటే గొర్రెల దీవుల మాట అన్నమాట. మాట్లాడేవాళ్ళందరినీ తెచ్చి మా తెనాలిలో దించినా ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీగానే ఉంటాయి. 

"పెద్ద దేశాలవాళ్ళు ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు. అది డేనిష్‌లో ఒక యాసా అని" అంది. "అందుకే నేను ఎవరినీ అలా అడగను. పేరేమిటని అడుగుతాను. పేరు చెప్పేటప్పుడు మనిషి మొహం చూడ్డం నాకిష్టం."

ఇలాంటి మనిషిని వదిలి ప్యాకేజీ బస్సెక్కడానికి నాకు మనసు ఒప్పలేదు.

చాతం

చాతం ఒక చిన్న దీవి. వంతెన దాటితే వస్తుంది. పాత రంపపు మిల్లు అక్కడే ఉంది. గాలిలో చెక్కపొట్టు వాసన. అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌కి ఫెర్రీ అక్కణ్ణించే వెళుతుంది. టికెట్టు మా బస్టాండులో టీ కంటే చవక. స్కూటర్లు, కూరగాయల బుట్టలు, ఆఫీసు బ్యాగులు, ఒక మేక, అందరం కలిసి ఎక్కాం. మేకని చూసి మార్యున్ కళ్ళు మెరిశాయి. ఊరి మనిషి కనపడ్డట్టు దాని తల నిమిరింది.

ఎక్కేటప్పుడు నా ఎడమకాలి చెప్పు జెట్టీకీ ఫెర్రీకీ మధ్య జారి నీళ్ళలో పడింది. "గయా" అన్నాడు తాడు పట్టుకున్నవాడు, పోయిందని చాలా ప్రశాంతంగా. ఒంటి చెప్పుతో సముద్రం దాటాను. బాంబూఫ్లాట్‌లో దిగగానే చెప్పుల కొట్టు వెతికాను. నా కాలికి దగ్గరగా దొరికినవి మగవాళ్ళ నీలం రబ్బరు చెప్పులే. వేసుకుని నడుస్తుంటే టపాటపా చప్పుడు. మిగతా యాత్రంతా నేను వస్తున్న సంగతి నాకంటే ముందే అందరికీ తెలిసిపోయేది.

బాంబూఫ్లాట్

జెట్టీకి దగ్గర్లో రేకుల కప్పు కింద ఒక టిఫిను కొట్టు. దోసెలోకి చేపల పులుసు ఇస్తున్నారు. మా ఊళ్ళో పొద్దున్నే దోసెలో చేపల పులుసు పోస్తే నన్ను ఏ డాక్టరుకి చూపించాలా అని మాట్లాడుకుంటారు. ఇక్కడ తిన్నాక, మా ఊరివాళ్ళకే చూపించాలనిపించింది.

కొట్టు నడిపే అమ్మాయి సునీత. ముప్ఫై ఉంటాయేమో. నా మాట వినగానే గరిట ఆపింది.

"ఆంటీ, మీరు మెయిన్‌ల్యాండ్ తెలుగా? ఎంత అచ్ఛాగా మాటాడతన్నారు! టీవీల వార్తల్లాగ ఉంది."

నేను పొంగిపోయానని వేరే చెప్పాలా. ఆమె మాట మాత్రం గమ్మత్తుగా ఉంది. శ్రీకాకుళం ఒడ్డు మాటలో హిందీ కలిసి, మధ్యలో ఇంజిను, జెట్టీ, షిప్పు దొర్లుతూ, ఎక్కడా ఆగకుండా పోతోంది. వాళ్ళ నాన్న రాంచీ నుంచి అడవి పనికి వచ్చినవాడు. సునీత పుట్టింది బాంబూఫ్లాట్‌లోనే. పెళ్ళాడింది హోప్ టౌన్‌లో చేపలు పట్టే తెలుగువాళ్ళ అబ్బాయి గురయ్యని. తెలుగంతా అత్తగారింట్లో నేర్చుకుంది.

మార్యున్ తన ప్రశ్న వేసింది. నేను తెలుగులో చెప్పాను. నువ్వు మాట్లాడే భాష పేరేమిటి?

సునీత మొహం చిన్నబోయింది. "పేరేటి లేదు దీదీ. తెలుగూ కాదు, హిందీ బీ కాదు. ఐసే హీ, ఊరికే మా ఇంట్లో మాటాడుకుంటాం." 

మార్యున్ అల్లిక సంచీలోంచి తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది.

దోసెల డబ్బు సునీత తీసుకోలేదు. "మీరు మా అత్తమ్మని కలవాల ఆంటీ. మెయిన్‌ల్యాండ్ తెలుగు మనిషి కోసమే ఆవిడ చూస్తంది" అంది. ఎందుకో అప్పుడు చెప్పలేదు. కొట్టు మూసి, మమ్మల్ని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళింది.

హోప్ టౌన్

ఒడ్డు వెంబడే రోడ్డు. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు, నీళ్ళకి అవతల ఇందాక మేం వదిలొచ్చిన పోర్ట్ బ్లెయిర్. సునీత అత్తగారు ఎర్రమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఆ వాసనకి విదేశీ మనిషి ఏమైపోతుందోనని నేను కంగారుపడ్డాను. మార్యున్ గుండెల నిండా పీల్చుకుని, కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ దీవుల్లో ప్రతి ఇంటికీ ఒక చెక్క గది ఉంటుందట. సందుల్లోంచి సముద్రపు గాలి పోయేలా కట్టి, అందులో చేపలూ మాంసమూ వేలాడదీస్తారు. "మా ఇంటి వాసన" అంది. ఎర్రమ్మకి చెబితే పడీ పడీ నవ్వి, పిడికెడు ఎండు మెత్తళ్ళు కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. 

నా పేరు ఎర్రమ్మకి నోరు తిరగలేదు. "తెనాలమ్మా" అని పిలిచింది. అదే ఖాయమైంది.

ఇంటి వెనక కొత్త పడవ ఉంది. ఇంజిను బిగించిన చిన్న పడవని అక్కడ డుంగీ అంటారు. పచ్చరంగు ఇంకా ఆరలేదు. గురయ్య పక్కన నిలబడి, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాస్తున్నాడు. దాన్ని చూపించి ఎర్రమ్మ సంగతంతా చెప్పింది.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవ నీళ్ళు తాకేముందు ఇంటి కోడలు ఒడ్డున నిలబడి గంగమ్మకి చెప్పాలి. ఇంటి పెద్దావిడ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, గంగమ్మ తరఫున అడుగుతుంది. ఎవరిదీ పడవ? ఎక్కణ్ణించి వచ్చారు? ఏం కావాలి? జవాబులు విని "ఇన్నాను, రా" అనాలి. ఆ మాట వచ్చేదాకా మగవాళ్ళు తాడు ముట్టుకోరు.

"కిందటి డుంగీకి నానే సెప్పినాను, అప్పటికి కోడలు రానేదు, మా అత్త అడిగినాది" అంది ఎర్రమ్మ. "నా మాట సూస్తన్నావు కదా, సగం హిందీ, సగం ఏటో. రెండో వానాకాలంలో డుంగీ రాయికి తగిలి ఇరిగిపోనాది. నా కొడుకు ఈదుకొచ్చినాడు. మొన్న శ్రీకాకుళం కాడి బారువ నుంచి మా సుట్టాలొచ్చినారు. మీదీ తెలుగేనా అని ఒకటే నవ్వు. అప్పుడు తెలిసింది నాకు. గంగమ్మ తెలుగుతల్లి. నా మాట ఆయమ్మకి తెలిసుండదు. అందుకే పడవ నిలబడలేదు."

నవ్వొచ్చే మాటే. కానీ ఆమె నవ్వడం లేదు, నేనూ నవ్వలేదు. ఈసారి చెప్పాల్సింది సునీత. అత్తగారి తెలుగే సరిపోకపోతే, రాంచీ వాళ్ళమ్మాయి తెలుగు ఏం సరిపోతుందని ఆ పిల్లకి భయం. మాట తప్పుగా వెళితే పడవలో ఉండేది ఆమె మొగుడు.

"తెనాలమ్మా, మంచి తెలుగు మాట నువ్వు సెప్పు. మా కోడలు నేర్సుకుంటాది" అంది ఎర్రమ్మ, నా రెండు చేతులూ పట్టుకుని.

బస్టాండు మైకు ముందు కూర్చున్న నాకు ఇంత పెద్ద ప్లాట్‌ఫారం ఎప్పుడూ దొరకలేదు. సునీతకి తెలుగు చదవడం రాదు కాబట్టి, ఆమె ఫోనులో నా గొంతుతో రికార్డు చేసిచ్చాను. మీరూ వినండి:

"గంగమ్మ తల్లికి విజ్ఞప్తి. బారువ తీరము నుండి విచ్చేసి, ఈ ద్వీపములందు స్థిరపడిన కుటుంబమునకు చెందిన నూతన నౌక మరికొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. దయచేసి సురక్షితముగా గమ్యస్థానము చేర్చవలసినదిగా ప్రార్థన."

ఎర్రమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. గురయ్య మాత్రం తల గోక్కుని, "బస్ ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తాది ఆంటీ?" అన్నాడు. వాడికి తెనాలి సంగతి ఎవరూ చెప్పలేదు. ఒట్టు.

ఫెర్రీ మీద

ఆ తర్వాత రోజూ మేం ఫెర్రీ దాటాం. సునీత చెవుల్లో తీగలు పెట్టుకుని, దోసెలు తిప్పుతూ నా మాటలు వల్లెవేసేది. "గమ్యస్థానము" దగ్గర దోసె మాడేది. "కష్టంగా ఉందా?" అంటే, "పర్వాలేదు ఆంటీ, గురయ్య కోసం" అనేది. ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూస్తే నాకు జాలేసింది. అయినా నా వాక్యాల్లో ఒక్క ముక్క తగ్గించలేదు. అంత బాగా కుదిరాయి మరి.

తిరుగు ఫెర్రీలో మార్యున్ ఉన్నట్టుండి తన అమ్మమ్మ కబురు చెప్పింది. వాళ్ళ దీవుల్లో చాలాకాలం చర్చిలోనూ బడిలోనూ డేనిష్ భాషే ఉండేదట. ఇంటి మాట ఇంట్లోనే. గుండ్రంగా చేతులు పట్టుకుని, పాడుతూ ఆడే ఆటల్లో అది బతికింది.

"మా అమ్మమ్మ దేవుడితో డేనిష్‌లో మాట్లాడేది. పొద్దున్నే లేచి, చేతులు కడుక్కుని, పరాయింటికి వెళ్ళినట్టు. తర్వాత బయటికొచ్చి ఫ్యోరిస్త్‌లో గొర్రెలతో గంటలు గంటలు మాట్లాడేది. తాతయ్య మీద కోపం, మోకాళ్ళ నొప్పి, పడవ మీద వెళ్ళిన కొడుకు మీద బెంగ, అన్నీ. దేవుడికి మన మాట రాదని ఆమె నమ్మకం. పాపం, ఆమె గురించి దేవుడికంటే గొర్రెలకే ఎక్కువ తెలుసు."

ఇద్దరం నవ్వాం. నా నవ్వు ముందు ఆగింది. ఆ ఎండలోనూ ఆమె అల్లుతున్న ఉన్ని కేసి చూస్తూ కూర్చున్నాను.

ఒడ్డున

పడవ దింపేది పొద్దున, పోటు మీద. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. డుంగీకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నేను నీలం చెప్పులు రోడ్డు పక్కన విప్పి, సునీత వెనకాలే నిలబడ్డాను, మరిచిపోతే అందిద్దామని. మార్యున్ నా పక్కన. గురయ్య, ఇంకో నలుగురు మగవాళ్ళు తాడుకి దూరంగా చేతులు కట్టుకుని ఉన్నారు.

ఎర్రమ్మ నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా దిగి, ఇటు తిరిగి నిలబడింది. జుట్టు విరబోసుకుంది. ఎండుచేపలు తిరగేసే మనిషి కాదిక. పెద్ద గొంతుతో అడిగింది.

"ఎవరిదీ పడవ? ఎక్కణ్ణించొచ్చినారు?"

సునీత కళ్ళు మూసుకుంది. "గంగమ్మ తల్లికి విజ్ఞప్తి. బారువ తీరము నుండి విచ్చేసి, ఈ ద్వీపములందు…"

ఒక్క తప్పు లేదు. నా గొంతులోని ఎత్తూ పల్లమూ కూడా పట్టేసింది. నా ఒళ్ళు పులకరించింది. "ప్రార్థన" అని ముగించి, కళ్ళు తెరిచింది.

ఎర్రమ్మ పలకలేదు. అలలు వచ్చి వెళుతున్నాయి. అందరూ ఆమె కేసే చూస్తున్నారు. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. నటన కాదు. నిజంగానే ఆలోచిస్తోంది. ఇంట్లో అత్తగారిగా విన్నప్పుడు దండం పెట్టింది. నీళ్ళలో గంగమ్మగా వింటే వేరేలా వినపడిందేమో.

"నీ గొంతు నాను ఎరుగుదును" అంది చివరికి. "ఈ మాట ఎరగను. ఏటంతన్నావో నాకు తెలీలేదు. తిన్నగా సెప్పు."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాళ్ళ కింద ఇసకలో పెట్టుకున్నాను. సునీత వెనక్కి తిరిగి నా కేసి చూసింది. అందించడానికి నా దగ్గర ఏమీ లేదు. పడవ కదలదేమోనని తాడు కేసి చూశాను. అప్పుడు నీళ్ళలోంచి ఎర్రమ్మే, ఈసారి మెల్లగా, పిల్లని బుజ్జగించినట్టు అడిగింది.

"బోలో బేటీ. కౌన్ వచ్చినారు?"

సునీతకి ఏడుపు తన్నుకొచ్చింది. అది మింగి మొదలుపెట్టింది.

"నేను సునీతని అమ్మా. గురయ్య ఘర్‌వాలీని. బాంబూఫ్లాట్‌లోనే పుట్టినాను. రోజూ నన్ను చూస్తావు, జెట్టీ కాడ దోసెలేస్తాను. మా బాప్ రాంచీ నుంచి షిప్పులో వచ్చినాడు, మా మామోళ్ళు బారువ నుంచి షిప్పులో వచ్చినారు. దోనో, ఇద్దరూ నీ మీంచే వచ్చినారు. ఈ డుంగీ మాది. ఇంజిన్ కొత్తది. నా ఆద్మీ ఇందులో కూకుని నీ కాడికొస్తాడు. కిందటిసారి నువ్వు పడవ ఉంచుకున్నావు, మనిషిని ఇచ్చీసినావు. ఈసారి దోనో వాపస్ ఇవ్వు. బస్. ఇంకేటీ వద్దు నాకు."

గురయ్య తల వంచుకున్నాడు. మార్యున్‌కి ఒక్క ముక్క తెలియదు. అయినా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎర్రమ్మ నోరు తెరిచింది.

"ఇన్నాను. రా."

ఆ మాటతో మగవాళ్ళు తాడందుకున్నారు. సగంమంది "హైలెస్సా" అంటే, సగంమంది "జోర్ లగాకే" అన్నారు. డుంగీకి రెండూ అర్థమైనట్టున్నాయి, సర్రున నీళ్ళలోకి జారింది. ఇంజిను ఒకసారి దగ్గి పట్టుకుంది. గురయ్య చేయి ఊపుతూ పెద్ద చుట్టు తిప్పాడు. ఆడవాళ్ళు బెల్లం పరమాన్నం పంచారు. నాకు రెండుసార్లు పెట్టారు. ఓదార్పుకనే అనుకుని రెండూ తిన్నాను.

ఎర్రమ్మ ఒడ్డుకొచ్చి, తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటోంది. మార్యున్ ఆమె దగ్గరికి వెళ్ళి, నన్ను పిలిచింది. "అడగండి. గంగమ్మ మాట్లాడిన భాష పేరేమిటి?"

అడిగాను. ఎర్రమ్మ సునీత కేసి తిరిగింది. "నువ్వు సెప్పవే. నువ్వు మాటాడితేనే కదా ఆయమ్మ ఇన్నాది."

సునీత కొంగుతో మొహం తుడుచుకుంది. టిఫిను కొట్టు దగ్గర చిన్నబోయిన మొహం కాదది.

"తెలుగు, దీదీ" అంది.

మార్యున్ ఆ మాటని మరోసారి నోట్లో వేసుకుని చప్పరించింది. తన సంచీలోంచి అల్లిక తీసింది. గురయ్య పడవ తిప్పుకుని ఒడ్డుకి వస్తున్నాడు. ఎర్రమ్మ పరమాన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆ పచ్చరంగు కేసే చూస్తూ కూర్చుంది. ఎవరితోనూ కాదన్నట్టు, కిందటి పడవ గురించి అంది.

"అది నా మాటకి ఇరగలేదు. రాయి తగిలి ఇరిగింది."